బల్లను కొందుమా? చేయింతుమా?

మన పాఠశాల పడమటి వరుస చివరనున్న రెండు చిన్నగదులను రికార్డింగు మందిరముగ మార్ప నిశ్చయించి, యాజమాన్యమువారు ఆ పనిని ముగ్గురు ఉపాధ్యాయుల కప్పగించిరి. ఈ వ్యాసమున 'మేము' అనగా ఆ ముగ్గురమే. అంధవిద్యార్థుల కొఱకు పాఠ్యపుస్తకములను స్పష్టముగ చదివి, ఆ గొంతును కంప్యూటరునం దెక్కించి, వారు విని నేర్చుకొనునట్లు చేయుట యీ మందిరపు ఉద్దేశము. చట్టమునందు కూడ దీనికి త్రోవ యున్నది. మనదేశపు గ్రంథస్వామ్యచట్టమునకు 2012లో జరిగిన సవరణ, వికలాంగుల యుపయోగమునకై పుస్తకములను ఇట్లు రూపము మార్చుటకు అనుమతి నొసగినది. ఇట్టి యనుమతికై 2013లో మర్రకేషు నగరమున కుదిరిన అంతర్జాతీయపు టొడంబడికను అన్ని దేశములకంటె ముందుగ, 2014లో, ధ్రువపఱచినది భారతదేశమే.

ధనము పూర్వవిద్యార్థులు పంపినది. మైక్రోఫోను నెన్నుకొనుటకు మాకు ఒక పూట పట్టెను. కంప్యూటరునకు రెండు పూటలు. బల్లకు రెండు మాసములు పట్టెను. "బల్లకింత చర్చ యేల? నాలుగు కాళ్ళును ఒక పలకయు నుండిన చాలదా?" అని ఉపాధ్యాయుల గదిలో పరిహాసము చేసినవారు కలరు. వారికిని, ఇట్టి పని తలపెట్టు ఇతరులకును ఉపయోగించునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రికార్డింగు మందిరములలో 'డెస్కు' అను ఆంగ్లపదమున కొక వింత చరిత్ర కలదు. అచ్చట డెస్కనగా చెక్కబల్ల మాత్రమే కాదు. పలువురి గొంతులను, వాద్యములను హెచ్చించి తగ్గించి కలుపు యంత్రమునకును అదే పేరు. లండనులో ఆబీ రోడ్డున 1931లో తెఱవబడిన ఈ.ఎం.ఐ. వారి మందిరమున 1950లలోను 1960లలోను వాడిన 'రెడ్' అను యంత్రబల్లలను ఆ సంస్థవారు అంగడిలో కొనలేదు. తమ యింజనీర్లచేతనే చేయించుకొనిరి. బీటిల్స్ బృందమువారి పాటలలో పెక్కు వాని గుండ వెడలినవే. అనంతరము ఇంగ్లండులోనే నీవ్ మొదలైన సంస్థలు ఇట్టి యంత్రములను కట్టి ప్రపంచమంతటికి అమ్మజొచ్చినవి. కొనుటయా, చేయించుటయా యను ప్రశ్న అప్పటినుండియు నున్నదే. ఇప్పుడు ఆ యంత్రము చేయు పనిలో అధికభాగము కంప్యూటరు కడుపులోనికి పోయినది. మాబోటి చిన్నమందిరమునకు మిగిలినది చెక్కయే. కావున ఇంజనీరు ననుసరించి యుండిన ప్రశ్న నేడు వడ్రంగి వాకిటికి వచ్చినది.

మాలో ఒకరు మొదటినుండియు అంగడిబల్ల పక్షము. వారి వాదమును మేము తేలికగ త్రోసివేయలేదు, త్రోసివేయదగినదియు కాదు. అంగడిబల్లకు కొలతలు ముందే అచ్చుపడి యుండును. గదిలో సుద్దతో గీతలు గీచి, అది పట్టునో పట్టదో ఒక్క నిముషములో చెప్పవచ్చును. అదివఱకే వాడుచున్నవారి నడుగవచ్చును. నచ్చనిచో మఱొకరికి అమ్మవచ్చును. యంత్రములను బిగించు ఇనుపచట్రము దానిలో సిద్ధముగ నుండును. ఈ చట్రము సంగతి తెలియనివారికి ఒక మాట: ఇట్టి యంత్రముల ముఖము వెడల్పు ఎల్లదేశములలోను 19 అంగుళములు, ఎత్తున ఒక్కొక్క అర 1¾ అంగుళము. టెలిఫోను కార్యాలయములకై 1920లలో అమెరికాలో స్థిరపడిన యీ కొలతయే నేటికిని చెల్లుచున్నది. కన్నము వెంట్రుకవాసి తప్పినను మర పట్టదు. ఉలిపనిలో ఎంత నేర్పరియైనను, అటువంటి ఇనుపబద్దలను వడ్రంగి చేతితో చేయుట వృథాప్రయాస.

అయినను మేము చూచిన అంగడిబల్లలలో మూడు లోపములు కనబడెను. మొదటిది పలక. వానిలో పెక్కు రంపపుపొట్టును జిగురుతో అదిమిన పలకలు. సముద్రతీరపు గాలిలో, అందును వానకాలమున, అంచుల కతికించిన పట్టీ ఊడినచోట నీటితేమ చొచ్చి ఆ పలక ఉబ్బును. ఒకమారు విప్పిన మరను అదే కన్నములో మరల బిగించిన అది పట్టు నిలుపదు. రెండవది వెడల్పు. అవి సంగీతము కూర్చువారికై చేసినవి. 88 మెట్ల పియానో నుంచుటకు నాలుగడుగులకు మించిన సొరుగుపలక వానిలో నుండును. మాకు పియానోతో పని లేదు. సాంఘికశాస్త్రముతోను జీవశాస్త్రముతోను పని. మూడవది వెల. మాకు నచ్చిన బల్ల వెల మా వద్దనున్న ద్రవ్యములో ఇంచుమించు మూడవవంతు. పైగా ఒక వర్తకుని బల్ల లోతెంత యని మూడుమార్లడిగినను, "చాల విశాలముగ నుండును" అని తప్ప అంగుళములలో సమాధానము రాలేదు. కొలత చెప్పలేని వానివద్ద కొలతవస్తువు కొనరాదని మాలో పెద్దవారు తేల్చివేసిరి.

ఇక వడ్రంగిబల్ల. మా మేస్త్రి ఈ పాఠశాల బెంచీలలో సగమునకు పైగా చేసినవాడు. సంగతి వినగనే, "టేకుబల్ల చేయించండి మాస్టారూ, మీ మనుమలకు మనుమలు కూర్చొందురు" అని ఆరడుగుల పొడవును, మూడడుగుల లోతును గల బల్లను గాలిలోనే గీచి చూపెను. చేయించు బల్లకు గల యపాయ మిదియే. వడ్రంగి తనకు తెలిసిన బల్లనే చేయును. తెలిసినది ప్రధానోపాధ్యాయుని బల్ల. చేయించువాడు తాను కోరిన గొప్పతనము నంతయు దానిలో నిమిడ్చును. నచ్చకున్న తిరిగి ఇచ్చుటకు అంగడి లేదు. "వచ్చే ఆదివారము" అను మాటకు వడ్రంగుల పంచాంగములో గల యర్థము చదువరులు ఎఱుగుదురు గనుక దానిని విస్తరింపము.

ఈ రెండింటి నడుమ మేము ఊగులాడుచుండగా, ఆ బల్లయొద్ద కూర్చొనవలసినవాని సంగతి వచ్చినది. రికార్డింగు నడుపుటకు మేము తలచినవాడు మన పూర్వవిద్యార్థియే, పుట్టుకతోనే చూపులేనివాడు. కంప్యూటరు తెరపై నున్నదానిని పైకి చదివి వినిపించు ఎన్.వి.డి.ఎ. యను ఉచితసాధనముతో అతడు శబ్దమును కోసి, అతికి, శుభ్రపఱచు పని నేర్చియున్నాడు. కాని దాతలలో ఒకరు, "చూపుగలవానిని పెట్టుకొనిన పని త్వరగ సాగును" అని జాబు వ్రాసిరి. యాజమాన్యమువారు ఇరువురి మాటను త్రోయలేక ఒక షరతు పెట్టిరి: అతడు ఒకరోజంతయు, వస్తువు లందిచ్చు మనిషి లేకుండ, ఒంటరిగ పని నడిపి చూపవలెను, అట్లయిన ఉద్యోగ మతనిదే. చేతికి ఏది యెక్కడ తగులునో తెలియని బల్లయైనచో ఆ పరీక్ష అతనిది కాదు, బల్లది. అప్పటినుండి మాకు బల్ల పరిహాసవిషయముగ తోచలేదు.

మేము చేసిన పనులలో ఉత్తమమైనది, డబ్బు ఖర్చుపెట్టకముందు ఉత్తుత్తిబల్ల నొకటి కట్టుట. తరగతి బెంచీలు రెండు, ఇటుకలు కొన్ని, పాత అట్టపెట్టెలు, పురికొస; ఇంతే సామగ్రి. దానిని మేము చూచిన అంగడిబల్ల కొలతకు, 30 అంగుళముల లోతున అమర్చితిమి. కంప్యూటరు తెరను నడుమను, చిన్న లౌడుస్పీకర్లు రెంటిని దాని కిరువైపుల అట్టపైననే నుంచితిమి. అట్ట శబ్దమును గట్టిచెక్కవలె త్రిప్పికొట్టదు గనుక పైన నల్లబల్ల పలక నొకదానిని పఱచితిమి. అతడు వారముదినములు సాయంకాలము వచ్చి దానియొద్ద కూర్చొనెను.

మొదటిదినమున అతడు కుర్చీలో ముందుకు వంగి, వెనుకకు వాలి, మరల వంగి, "మాస్టారూ, నేను కదిలినప్పుడెల్ల చదువరి గొంతు మారుచున్నది. ఒకచోట డొల్లగ, ఒకచోట ముక్కుతో పలికినట్లు వినబడుచున్నది" అనెను. మాకు ఆ భేదము చెప్పిన పిదప గాని తెలియలేదు. కారణము మాత్రము విజ్ఞానశాస్త్రపు గ్రంథములో నున్నదే. స్పీకరునుండి శబ్దము చెవికి రెండుత్రోవల వచ్చును: ఒకటి తిన్నగ, రెండవది బల్లమీద పడి ఎగసి. మా యమరికలో రెండవత్రోవ మొదటిదానికంటె సుమారు 10 అంగుళములు పొడవు. శబ్దము గాలిలో సెకండునకు దాదాపు 1130 అడుగులు పోవును గనుక రెండవది సెకండులో వేయవవంతుకంటె కొంచెము తక్కువ కాలము వెనుకబడును. అంతమాత్రమునకే, సెకండునకు సుమారు 680 కంపనములు గల స్వరమున ఒక అల ఎత్తును మఱొక అల పల్లమును కలిసి ఒకదానినొకటి చంపుకొనును; దానికి మూడింతలు, ఐదింతలు గల స్వరములందును అంతే. ఇవన్నియు మనుష్యుని మాటలో అక్షరముల తేటదనము నుండు తావులే. ఈ డొల్లతనము రికార్డింగులో లేదు, బల్లవలన వచ్చినది. కాని వినువాడు అది రికార్డింగులోనే యున్నదని యెంచి దానిని సవరింపబూనునేని, మంచిగొంతును చెడగొట్టి పిల్లల కిచ్చును.

దీనిని మేస్త్రికి లెక్కలతో చెప్పుట యెట్లు? మాలో ఒకరు ఇంటినుండి చేతియద్దము తెచ్చి బల్లపై పఱచి, అతనిని కుర్చీలో కూర్చుండబెట్టి, అద్దమును మెల్లగ ముందుకు జరిపిరి. అంచునుండి సుమారు 19 అంగుళములు పోగానే అద్దములో స్పీకరు కనబడెను. "ఎక్కడ స్పీకరు కనబడునో అక్కడనుండియే శబ్దము ఎగసి నీ చెవికి వచ్చును" అని చెప్పితిమి. మేస్త్రి ఒక్క క్షణము చూచి, "అయితే అక్కడ చెక్క లేకపోతే సరిగదా మాస్టారూ!" అనెను. శబ్దశాస్త్రమును ఇంత త్వరగ గ్రహించిన శిష్యుడు మా తరగతులలో అరుదు.

అక్కడ చెక్క లేకున్న తెర నెక్కడ నుంచుదుమని మేము శంకించితిమి. బల్లయొద్ద నిలుచున్న ఆ యువకుడు నవ్వి, "ఆ తెర ఎవరి కొఱకు మాస్టారూ?" అనెను.

ఆ మాటకు ముగ్గురమును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. అంగడిలోని ప్రతిబల్లయు తెర చుట్టు కట్టినదే. తెర కంటికి దూరముగ నుండవలెను గనుక బల్ల లోతుగ నుండును. లోతుగ నుండుటచే శబ్దము దానిపై పడి ఎగయును. ఆ దోషమును తగ్గించుటకు స్పీకర్లకు మెత్తలు, ఏటవాలు మెట్లు, మఱియు నెన్నియో తగిలింతురు. తెరతో పనిలేనివానికి 16 అంగుళముల లోతు చాలును! స్పీకర్లను బల్లమీదినుండి తీసి, గోడవైపున వేఱు స్తంభములపై చెవియెత్తున నిలిపి, ఒకదానికొకటి ఐదడుగులు, చెవికి ఒక్కొక్కటి ఐదడుగులు దూరముండునట్లు ముక్కోణముగ నమర్చితిమి. అద్దము మరల పరీక్షింపగా, స్పీకరు కనబడు తావు బల్ల దాటి గాలిలో పడినది. డొల్లతనము పోయెనని అతడే చెప్పెను. ఉపాధ్యాయులు తప్పొప్పులు చూచుకొనుటకు చిన్నతెర నొకదానిని ప్రక్కగోడకు కీలుపై బిగించితిమి.

మిగిలిన కొలతలు అతని చేతులే చెప్పినవి. కుర్చీలో కూర్చొని భుజములు వదులుచేసి మోచేయి మడచినపుడు మోచేతి యెత్తు ఎంతయో, కీబోర్డు ఎత్తు అంతయే కావలెను. ఇటుకలను తీసి పెట్టి చూడగా నేలనుండి 26½ అంగుళములు కుదిరెను. మామూలు బల్లలు 29, 30 అంగుళము లుండును. గంటలకొలది పని చేయువాని భుజములు దానితో పట్టుకొనిపోవును. ముందంచు వెంబడి పావుఅంగుళము ఎత్తున సన్నబద్ద యుండవలెననెను. అది వ్రేలికి త్రోవ చూపును, వస్తువులు క్రిందపడకుండ ఆపును. కీబోర్డు కదలకుండ దానికొక పల్లము. హెడ్‌ఫోనులకు కుడివైపున కొక్కెము. చేతికఱ్ఱకు ఎడమవైపున మఱొక కొక్కెము. గొంతును హెచ్చించు తగ్గించు మీట ఎన్నడును చోటు మారరాదు. హెడ్‌ఫోనులలో అతనికి ఒక చెవిని చదువరి గొంతు, రెండవచెవిని కంప్యూటరు పలుకు వినబడుచుండును. రెంటిని ఒక్కమారు విని పని చేయుట మాకు ఒక నిముషము కూడ సాధ్యపడలేదు. రెండు గదుల నడుమ గాజుకిటికీ పెట్టుట యిట్టి మందిరములలో ఆచారము. అతనికి అక్కఱలేదు గనుక మానివేసి, చదువరికి సంజ్ఞ నిచ్చుటకు చిన్నదీపము నొకదానిని, దాని మీటను బల్లక్రింద మోకాలికి తగులునట్లును పెట్టించితిమి. ఆ డబ్బుతో తలుపునకు మందమైన రబ్బరు అంచులు వేయించితిమి.

కడకు మేము కొంటిమా, చేయించితిమా? ఇనుపకాళ్ళును, 19 అంగుళముల చట్రపుబద్దలును కొంటిమి. కాళ్ళ అడుగున ఎత్తు సవరించు మరలుండుట మేలు; పాతభవనములలో నేల సమముగ నుండదు. పలకను మాత్రము మేస్త్రిచేత చేయించితిమి. పలకకు ఏకాండమైన టేకు వలదనగా అతడు చిన్నబుచ్చుకొనెను. కాని చెక్క వానకాలమున అడ్డముగ ఉబ్బి, వేసవిలో కుదించుకొనును. ఇనుపకాళ్ళకు మరలతో బిగించిన వెడల్పు పలక అట్లు కదలిన చీలును, లేదా వంగును. ప్లైవుడ్డులో ఒక పొర పోగు నిలువుగను మఱొక పొర పోగు అడ్డముగను నుండుటచే ఆ కదలిక యంతగా నుండదు. మామూలు రకమునకు ఐ.ఎస్. 303 అనియు, నీటికి ఓర్చు రకమునకు ఐ.ఎస్. 710 అనియు ముద్ర యుండును. మేము రెండవదానిని, ముప్పాతిక అంగుళము మందమున, రెండుపొరలుగ అతికించితిమి. పలుచని పలక తానే మ్రోగును. అంచులన్నిటికి టేకుబద్దలు వేయుమనుటతో మేస్త్రి మనస్సు కొంత కుదుటపడెను. వార్నీషు మెఱుగు వలదంటిమి. పైన దళసరి ఉన్నిగుడ్డ నతికించితిమి. మూడువారములన్న పని ఏడువారములకు ముగిసెను. అంగడిబల్లతో పోల్చిన సగమునకు తక్కువ ఖర్చయ్యెను.

కంప్యూటరు పెట్టె సంగతి యొకటి చెప్పవలెను. అంగడిబల్లలు కొన్నింటిలో దానికి తలుపుగల అర యుండును. చప్పుడు బయటికి రాదు, నిజమే. కాని మన మేమాసపు ఎండలో, పంకా ఆపి రికార్డింగు చేయు గదిలో, మూసిన అరలోని యంత్రము ఉడికిపోవును. మేము దానిని గోడ కావల వరండాలో జాలీపెట్టెలో నుంచి తీగలను గోడలోనుండి తెచ్చితిమి.

చదువరి కూర్చొను లోపలిగదికి బల్లను కొననులేదు, చేయింపనులేదు. చిత్రలేఖనపు తరగతి మూలలో ఏటవాలు బల్ల యొకటి దుమ్ముకొట్టుకొని యుండెను. పుస్తకమును బల్లపై పఱచి చదువువాడు తల వంచును. గొంతు రొమ్ముమీద పడి మూగవోవును. ఏటవాలుగ నిలిపిన తల ఎత్తి చదువును; పలకమీద పడిన శబ్దమును మైక్రోఫోనునుండి తప్పిపోవును. ప్రసంగములు చదువు రేడియోగదులలో కొన్నిచోట్ల బల్లపైని చెక్క తీసి చిల్లులరేకు పఱచి గుడ్డ కప్పుట కలదు. మేము పాత కంబళి కప్పితిమి. కాగితముల గరగర పోవుటకు పుటలను కుట్టు విప్పి విడివిడిగ నుంచి, చదివినదానిని ఎత్తక ప్రక్కకు జార్చుడని చదువరులకు చెప్పితిమి. తెలుగుపండితులు పుస్తకము కుట్టు విప్పుటకు ఒప్పుకొనక రెండుదినములు పట్టుపట్టిరి. తుదకు నకళ్ళు తీయించి యిచ్చితిమి.

పరీక్షదినమున అతడు ఉదయము తొమ్మిదిగంటలకు లోపలికి పోయి తలుపు వేసికొనెను. బల్లను మొదటిమారు తడవినపుడు ముందంచుబద్ద సరిగా నడుమ ఒక చిన్న ఇత్తడిమేకు తల అతని వ్రేలికి తగిలెనట. మేము చెప్పినది కాదు, మా కొలతల కాగితములో లేదు. మేస్త్రి నడుగగా, "నడుమ ఏదో తెలియవద్దా మాస్టారూ? మేమును చీకటిలో తడవునప్పుడు మూలమట్టమునకు గుర్తు పెట్టుకొందుము" అని ఊరకుండెను. సాయంకాలము నాలుగుగంటల లోపల ఎనిమిదవతరగతి జీవశాస్త్రములో రెండు పాఠములు, తప్పులు కోసి అతికిన పిదప, సిద్ధమయ్యెను. దాతగారికి ఆ రెండు పాఠములను పంపితిమి. వారు జాబు వ్రాయలేదు గాని, మఱుసటిమాసమున హెడ్‌ఫోనుల జత నొకదానిని పంపిరి.

బల్ల కొలతల పటము కార్యాలయమున నున్నది. కావలసినవారు వచ్చి వ్రాసికొనవచ్చును. కాని 26½ అంగుళముల యెత్తు అతని మోచేతిది.